ధ్యాన కేంద్రానికి మైసూర్‌పాక్ కాదు, రాగులు పంపండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఒక పాఠకుడు పది రోజులు మౌనంగా కూర్చునే విపశ్యన ధ్యాన శిబిరం గురించి రాసిన ఉత్తరం చదివాను. ధ్యానం బాగుందట, మౌనం బాగుందట, తిండి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఉప్పూ కారం లేని చప్పిడి కూడు పెట్టారనీ, సాయంత్రం గుప్పెడు మరమరాలు, ఒక అరటిపండు చేతిలో పెట్టి పంపేశారనీ నిష్ఠూరమాడారు. దాని కిందే ఇంకొకాయన, అసలు ధ్యాన కేంద్రంలో పొయ్యే వెలిగించకూడదు, మొలకలూ పచ్చి కూరగాయలే పెట్టాలి అన్నారు. ఇద్దరికీ జవాబు చెప్పాలనిపించి కూర్చున్నా. ఉత్తరం కాస్త పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే నా సొంత గొడవ కత్తిరించండి, రాగుల సంగతి మాత్రం ఉంచండి.

నేను ముప్పై రెండేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని. కాఫీ కలుపుకోవడం తప్ప పొయ్యి దగ్గర ఇంకో పని రాదు, మా ఆవిడను అడిగితే కాఫీ కూడా సరిగ్గా రాదంటుంది. 2016లో మొదటిసారి పది రోజులు కూర్చున్నా, తర్వాత ఇంకో మూడుసార్లు కూర్చున్నా. ఇప్పుడు నాలుగేళ్లుగా ఏడాదికి ఒకసారి వంటింట్లో సేవకు వెళ్తున్నా. మనకు హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపు ధమ్మ ఖేత్త ఉంది, నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున ఉంది, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మ విజయ ఉంది, ఇంకా ఉన్నాయి. నేను సేవకు వెళ్లేది ఎక్కడో రాయను. ఎందుకంటే నేను చెప్పబోయేది ఫలానా వంటింటి తప్పు కాదు, మనందరి అలవాటు.

వెళ్లనివాళ్ల కోసం రోజు ఎలా నడుస్తుందో చెప్తాను. తెల్లవారి నాలుగింటికి గంట కొడతారు. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ధ్యానం, అప్పుడు టిఫిన్. పదకొండింటికి భోజనం. సాయంత్రం ఐదింటికి టీ, కొత్తవాళ్లకైతే దాంతోపాటు పండూ మరమరాలూ, అంతకుముందు ఒక కోర్సు చేసినవాళ్లకు నిమ్మకాయ నీళ్లు మాత్రమే. ఇక మర్నాడు ఆరున్నర దాకా ఏమీ లేదు. మధ్యలో పది గంటలకు పైగా కూర్చోవడమే. నడక అంటే హాలు నుంచి గదికి, గది నుంచి భోజనశాలకు, మహా అయితే మధ్యాహ్నం చెట్ల కింద నాలుగు చుట్లు. ఫోన్ లేదు, పుస్తకం లేదు, పక్కవాడితో మాట లేదు. అలాంటప్పుడు మనిషి ఎదురుచూసేది దేనికనుకుంటున్నారు? నిజం చెప్పాలంటే పదకొండు గంటల గంటకే. మూడో రోజుకల్లా ముక్కుపుటాల దగ్గర శ్వాస సంగతి అటుంచి, వంటింట్లోంచి ఏ తాలింపు వాసన వస్తోందో మనసు పసిగడుతూ కూర్చుంటుంది. నాకు జరిగింది కాబట్టి చెప్తున్నా.

అంత ఆకలితో, అంత ఆత్రంతో పళ్లెం పట్టుకుని వచ్చినవాడికి మనం ఏం పెడుతున్నాం? మల్లెపూవులాంటి తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు, ముద్దపప్పు, సాంబారు, పెరుగు. పొద్దున ఉప్మా, లేదంటే ఇడ్లీ. ఒకరోజు పూరీ. టీలో చక్కెర ముందే కలిపేసి ఉంటుంది. ఇవన్నీ శుచిగా, ప్రేమగా వండినవే, కారం తక్కువే, శాకాహారమే. అయినా ఇంట్లో రెండు పూటలా తినేది ఒక్క పూటలోనే కుక్కుకోవాలన్న భయంతో జనం రెండోసారి, మూడోసారి అన్నం పెట్టించుకుంటారు. ఒంటిగంటకు హాల్లోకి వెళ్తే సంగతి తెలుస్తుంది. మెడలు ఒక్కొక్కటే వాలిపోతుంటాయి. నా మొదటి కోర్సులో నా వెనక వరసలో ఒకాయన రెండున్నర సామూహిక ధ్యానంలో గుర్రుపెట్టి, ఆ గుర్రుకు తనే ఉలిక్కిపడి లేచేవాడు. నవ్వాపుకోవడానికి నేను పడ్డ యాతన ఆ పది రోజుల్లో ఏ మోకాలి నొప్పికీ పడలేదు.

ఇంకో సంగతి రాయడానికి మొహమాటంగా ఉంది కానీ రాయక తప్పదు. నాలుగో రోజుకల్లా సగం మందికి మలబద్ధకం. మౌనం కాబట్టి సాధకులు తమలో తాము చెప్పుకోలేరు, మేనేజర్ దగ్గరకు వచ్చి గుసగుసగా ఇసబ్‌గోల్ ఉందా అని అడుగుతారు. సేవకు వెళ్లిన మొదటి ఏడాది ఆ డబ్బా ఇచ్చే పని నాకే అప్పజెప్పారు. కదలిక తక్కువ, నీళ్లు తాగడం తక్కువ (మాటిమాటికీ లేవాల్సి వస్తుందని తాగరు), పళ్లెంలో పీచు తక్కువ. కడుపు ఉబ్బరించి కూర్చున్నవాణ్ని ఒళ్లంతా సంవేదనలు గమనించమంటే వాడికి ఒక్కచోటి సంవేదనే తెలుస్తుంది.

ఇదంతా వంటవాళ్ల తప్పనుకునేవాణ్ని. వంటింట్లోకి అడుగుపెట్టాక, సామాన్ల గదిలో బస్తాలు లెక్కపెట్టమన్నాక అర్థమైంది, మెనూ తయారయ్యేది వంటింట్లో కాదు, సామాన్ల గదిలో.

ఈ కేంద్రాలు డబ్బు తీసుకోవు. పది రోజులు ఉండడానికీ తినడానికీ ఎవరి దగ్గరా రూపాయి అడగరు. ఒక కోర్సు పూర్తిచేసినవాళ్లు తర్వాత వచ్చేవాళ్ల కోసం ఇచ్చే దానంతోనే అంతా నడుస్తుంది. నేను వెళ్లే చోట డబ్బుతోపాటు సరుకులు కూడా ఇస్తారు. ఇచ్చేవాళ్ల మనసు వెన్నే, అందులో సందేహం లేదు. కానీ మనం దానం అనగానే తెల్లగా ఉన్నదీ, తియ్యగా ఉన్నదీ, ఖరీదైనదీ ఇవ్వాలనుకుంటాం. నేను లెక్కపెట్టిన రోజున ఆ గదిలో సన్నబియ్యం బస్తాలు పద్నాలుగు, చక్కెర నాలుగు బస్తాలు, రిఫైండ్ నూనె డబ్బాలు గోడకు నడుం ఎత్తు వరకూ, మైదా రెండు బస్తాలు, బిస్కెట్ ప్యాకెట్ల అట్టపెట్టెలు ఉన్నాయి. ఒక మూల ఎవరో ఇచ్చిన అరబస్తా రాగులు, మూతి కట్టు కూడా విప్పలేదు. ఎందుకు వాడలేదంటే మిల్లుకు తీసుకెళ్లి పిండి పట్టించుకురావడానికి మనిషి లేడన్నారు. పదో రోజు మౌనం విప్పాక పంచమని వచ్చే స్వీటు డబ్బాల సంగతి సరేసరి. పది రోజులు పప్పన్నం తిన్న కడుపులోకి ఒక్కసారిగా నేతి మైసూర్‌పాక్ దిగితే ఏమవుతుందో ఆ సాయంత్రం మరుగుదొడ్ల ముందు వరసను అడగండి.

వండేవాళ్లు ఉన్నదే వండుతారు. మైదా ఉంటే పూరీ అవుతుంది. పాడైపోతుందేమోనన్న భయంతో ముందు దాన్నే అవగొడతారు.

సరే, రాగుల కథ. ఆ బస్తా నా కంట్లో పడింది కదా, నేనే సైకిల్ మీద ఐదు కిలోలు మిల్లుకు తీసుకెళ్లి పట్టించుకొచ్చాను. మర్నాడు టిఫిన్‌లో ఉప్మాతోపాటు జావ కూడా పెడదామని మేనేజర్‌ను ఒప్పించా. వంట చూసుకునే ఆవిడ ఊళ్లోంచి వస్తుంది, యాభై పైబడ్డ మనిషి, చెయ్యి తిరిగిన వంట. "అన్నయ్యగారూ, మీరు కూరగాయలు తరుక్కోండి, జావ నేను చూసుకుంటా" అంది. నేను వింటేనా. ఎనభై మందికి ఎసరు పెట్టి, తెర్లుతున్న నీళ్లలో కిలోన్నర పొడిపిండి అమాంతం కుమ్మరించా. రెండు నిమిషాల్లో గుండిగ నిండా ఉండలు, గోలీకాయల్లాంటివి, పైన తడి, లోపల పొడి. తెడ్డు పెట్టి చిదుముతుంటే ఒకటి పగిలి పిండి మొహాన చిమ్మింది. టైము ఐదూ నలభై. ఆవిడ ఒక్క మాట అనలేదు. పలచటి గుడ్డ తెచ్చి రెండో గుండిగకు కట్టి వడపోయించింది, సగం పిండి గుడ్డలోనే ఉండిపోయింది. ఆరోజు సాధకులు తాగినవి రాగులు కడిగిన నీళ్లే అనుకోండి.

మర్నాడు ఆవిడే దగ్గరుండి చూపించింది. ముందు పిండిని చన్నీళ్లలో జారుగా, వేలితో తీస్తే ధార కట్టేట్టు కలుపుకోవాలి. ఎసరు కాగాక మంట తగ్గించి, ఒక చేత్తో సన్నగా పోస్తూ ఇంకో చేత్తో తెడ్డు ఆపకుండా తిప్పాలి. మొదట ఏమీ చిక్కబడనట్టే ఉంటుంది, కంగారుపడి ఇంకాస్త పిండి వేయబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. నాలుగు నిమిషాలకు తెడ్డు బరువెక్కుతుంది, రంగు మట్టిరంగు నుంచి చాక్లెట్ రంగుకు తిరుగుతుంది, పచ్చివాసన పోయి ఒక కమ్మటి వాసన వస్తుంది. అప్పుడు దించాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, దంచిన జీలకర్ర, రెండు రెబ్బలు కరివేపాకు. ముందు రోజు రాత్రే పిండి నానబెట్టి కాస్త పులవనిస్తే ఇంకా బాగుంటుందని కూడా ఆవిడే చెప్పింది, వాళ్లమ్మ అలాగే చేసేదట. మూడో రోజుకు ఉప్మా గిన్నెలో మిగలడం, జావ గుండిగ అడుగు గీకడం మొదలైంది. ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కునే తొట్టి దగ్గర నిలబడితే జనం నాలుక మాట తెలుస్తుంది. మౌనంలో ఉన్నవాళ్లు నోటితో చెప్పరు కదా, వదిలేసినదాంతో చెప్తారు.

జావ పెట్టడం ఏదో కొత్త ఆరోగ్య ఫ్యాషన్ అని మా మేనేజర్‌కు మొదట అనుమానం. ఆయనకు నేను చెప్పింది ఇక్కడా చెప్తాను. బుద్ధుడి బోధలున్న పాళీ గ్రంథాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో యాగు సుత్తం అని చిన్న బోధ ఒకటి ఉంది. యాగు అంటే బియ్యపు జావే, మన గంజి. దానివల్ల ఐదు లాభాలని బుద్ధుడు చెప్తాడు: ఆకలి పోగొడుతుంది, దాహం తీరుస్తుంది, వాతాన్ని దారిలో పెడుతుంది, మూత్రాశయాన్ని శుభ్రం చేస్తుంది, అరక్కుండా మిగిలినదాన్ని అరిగిస్తుంది. ఐదింటిలో ఒక్కటైనా మోక్షం గురించి ఉందా? అన్నీ పొట్ట గురించే. రోజంతా కూర్చునేవాడి పొట్ట సంగతి ఆయనకు తెలుసు. మన తాతల కాలంలో పొలానికి వెళ్లేవాడి చేతిలో ఉన్నదీ అదే, గంజో అంబలో చద్దన్నమో. మనం దాన్ని పేదవాడి తిండి అని ఇంట్లోంచి తరిమేసి, ఇప్పుడు ప్యాకెట్లో పోసి నాలుగింతలు పెట్టి కొంటున్నాం.

ఎక్కువ తినడం గురించి కూడా బుద్ధుడు అంతే సూటిగా మాట్లాడాడు. కోసల రాజు పసేనది ద్రోణం కొలత బియ్యం వండించుకు తినేవాడట. ఒకరోజు అలా తిని రొప్పుతూ వచ్చి కూర్చుంటే బుద్ధుడు ఒక గాథ చెప్పాడు. ఎరుకతో ఉండి, దొరికిన తిండిలో మితం తెలిసినవాడికి బాధలు పలచబడతాయి, మెల్లగా ముసలివాడవుతాడు, ఆయుష్షు నిలుస్తుంది అని దాని భావం. రాజు వెనక నిలబడ్డ సుదస్సనుడనే కుర్రాడికి ఆ గాథ నేర్పించి, రోజూ భోజనం వేళ తన పక్కన చదవమన్నాడు రాజు, అందుకు రోజుకు నూరు కహాపణాల (ఆనాటి నాణేల) జీతం. క్రమంగా రాజు తిండి ద్రోణం నుంచి దానికంటే చాలా చిన్న కొలతైన నాళికకు దిగింది, ఒళ్లు తేలికపడింది. ఇప్పుడు డైటీషియన్‌కు కట్టే ఫీజు ఆ రోజుల్లో ఆ కుర్రాడికి ముట్టిందన్నమాట. బుద్ధుడి ముఖ్య శిష్యుడు సారిపుత్తుడి మాట ఇంకా పనికొచ్చేది. ఇంకో నాలుగైదు ముద్దలు తినగలననిపించినప్పుడే ఆపి నీళ్లు తాగాలి, సాధకుడికి అది చాలు అన్నాడు. మా భోజనశాల గోడ మీద దాన్ని తెలుగులో రాయించమని అడిగి రెండేళ్లయింది, గోడ ఇంకా ఖాళీగానే ఉంది.

రాత్రి తిండి మానడం గురించి కూడా చాలామంది ఏదో కఠిన తపస్సు అనుకుంటారు. ఇంకో పాళీ గ్రంథం మజ్ఝిమ నికాయంలో ఉదాయి అనే భిక్షువు తన పాత అవస్థ చెప్పుకుంటాడు. పూర్వం చీకట్లో భిక్షకు వెళ్తే మురికిగుంటలో పడేవాళ్లట, ముళ్లకంపలో చిక్కుకునేవాళ్లట. ఒకసారి మెరుపు వెలుగులో ఈయన్ని చూసిన ఒక ఇల్లాలు, గిన్నె కడుగుతున్నదల్లా పిశాచమనుకుని కెవ్వున కేకపెట్టిందట. భిక్షువునమ్మా అంటే, చీకట్లో పొట్ట కోసం తిరిగేకంటే కసాయి కత్తితో ఆ పొట్టే కోసుకోకూడదా అని చీవాట్లు పెట్టిందట. రాత్రి తినకపోతే జబ్బు తక్కువ, ఒళ్లు తేలిక, బలం ఉంటుంది, నేను అలాగే ఉన్నాను అని బుద్ధుడు తన అనుభవంగానే చెప్పాడు, శాపనార్థాలు పెట్టలేదు.

ఇక రెండో ఉత్తరం రాసిన పెద్దమనిషికి. పొయ్యి ఆర్పేయాలన్నారు. అయ్యా, పది రోజుల కోర్సు ప్రకృతి చికిత్సాలయం కాదు. మన దగ్గర ఉప్పూ నూనే లేని వంటలకు, మొలకలకు పేరుపడ్డ ఆశ్రమాలు వేరే ఉన్నాయి, వాటి పద్ధతి వాటిది, వెళ్లి బాగుపడినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. ఇక్కడికి వచ్చేవాడు వేరే పని మీద వస్తాడు. గోయెంకా గారి సంగతే చూడండి. బర్మాలో పుట్టి పెరిగిన వ్యాపారి, తలనొప్పికి మార్ఫీన్ ఇంజెక్షన్ల దాకా వెళ్లి, 1955లో సయాజీ ఉ బా ఖిన్ అనే ధ్యాన గురువు దగ్గరకు వెళ్తే ఆయన ముందు ఒప్పుకోలేదు. ఒంటి జబ్బు తగ్గించుకోవడానికైతే రావద్దు, ధర్మాన్ని అంత చిన్నది చెయ్యొద్దు అన్నాడు. ఆ గోయెంకా గారే 1969లో మన దేశానికి వచ్చి ఈ కోర్సులు మొదలుపెట్టారు. బరువు తగ్గుదామని, షుగర్ తగ్గుదామని వచ్చేవాళ్లు ఈ మధ్య ఎక్కువవుతున్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఈ కోర్సుల నియమాల్లో ఉపవాసానికి అసలు అనుమతే లేదు. ప్రత్యేక తిండి కావాలంటే కుదరదు, పెట్టింది తినాలి. డాక్టర్ చెప్పిన పథ్యం ఉన్నవాళ్లు దరఖాస్తు చేసేటప్పుడే తెలియజేయాలి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఎవరినీ అడక్కుండా రాత్రి తిండి మానేసి వీరులం అనిపించుకోవద్దు, ముందు మీ డాక్టర్‌ను అడగండి, తర్వాత ఆచార్యులకు చెప్పండి.

తిండి విషయంలో మరీ బిగించడం బుద్ధుడికే నచ్చలేదు. ఆయన సంఘంలోని దేవదత్తుడనే భిక్షువు ఐదు కఠిన నియమాలు అందరి మీదా పెట్టమన్నాడు, చేపా మాంసమూ ముట్టకూడదన్నది అందులో ఒకటి. బుద్ధుడు ఒప్పుకోలేదు, కావాలనుకున్నవాళ్లు పాటించుకోవచ్చన్నాడు. ఆయనే ఎండిపోయి డొక్కలు లెక్కపెట్టుకునేదాకా పస్తులుండి, అది దారి కాదని తెలుసుకుని సుజాత పెట్టిన పాయసం తిన్నాక కదా బోధి చెట్టు కింద కూర్చున్నాడు. మొలకల ఉత్సాహవంతులు ఆ పాయసం గిన్నెను కాస్త గుర్తుపెట్టుకోండి.

మొలకలు మంచివి కావని కాదు. కిందటేడు మా దగ్గరే ఒక సేవకుడు ఉత్సాహం కొద్దీ మొదటిరోజు నుంచే పొద్దున పచ్చి పెసర మొలకలు, మధ్యాహ్నం కొర్రన్నం, రాజ్మా కూర పెట్టించాడు. ఇంట్లో ఎన్నడూ అలవాటు లేని జనం. ఆ సాయంత్రం గంటసేపు సామూహిక ధ్యానం. హాల్లో వినబడ్డ చప్పుళ్ల గురించి నేను రాస్తే మీరు అచ్చు వేయరు. పీచు మంచిదే, ఒక్కసారిగా పెంచితే గ్యాస్ తప్పదు, చిరుధాన్యాలు ఆరేడు గంటలు నానకుండా వండితే మరీనూ. అందుకే నేనంటున్నది మెల్లగా మార్చమని. తెల్లబియ్యంలో మూడో వంతు దంపుడు బియ్యం కలిపి మొదలుపెట్టొచ్చు, వేరుగా నానబెట్టి వేరుగా వండాలి కానీ. దంపుడు బియ్యం ఒక్కసారి ఎక్కువ కొని పెట్టుకోకూడదు, తవుడులో నూనె ఉంటుంది కాబట్టి త్వరగా ముక్కవాసన వస్తుంది, పురుగు పడుతుంది. నెలకు సరిపడా తెచ్చుకోవాలి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది, పాతిక కిలోలు.

బంగాళాదుంప స్థానంలో రోజూ ఒక ఆకుకూర పడితే చాలు, సగం సమస్య తీరుతుంది. తోటకూర పప్పు, గోంగూర పప్పు (కారం తగ్గించి), పొన్నగంటి కూర, మునగాకు వేసిన పప్పు. కేంద్రం ప్రహరీ పక్కనే మూడు మునగచెట్లుంటే ఆకులు రాలి ఊడ్చేయడమే తప్ప కోసినవాళ్లు లేరు! వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా కష్టమే. ఇవేవో విదేశీ లెక్కలు కావు, మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 2024లో భారతీయుల కోసం పదిహేడు ఆహార సూచనలు కొత్తగా విడుదల చేసింది. రోజుకు ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదని, చక్కెరా నూనే తగ్గించమని, గింజధాన్యాలు తగ్గించి పప్పులు, కూరగాయలు, ఆకుకూరలు పెంచమని అందులో ఉంది. మొదటి ఉత్తరం రాసినాయన చప్పిడి కూడు అన్నది ఆ లెక్కన సరైన ఉప్పేనేమో, ఆయన నాలుకకు ఇంట్లో ఆవకాయ అలవాటు. నాకూ అదే అలవాటు, అందుకే ఆయన మీద కోపం లేదు. ఐదో రోజు దాటాక సొరకాయలో తీపి ఉందని నాలుకకు తెలుస్తుంది, అప్పటిదాకా ఓపిక పట్టాలి.

సాయంత్రం టీ గురించి ఒక మాట. చక్కెర విడిగా పెట్టండి, కావాల్సినవాడు వేసుకుంటాడు. పాత సాధకుల నిమ్మనీళ్లలో చక్కెర బదులు బెల్లం వేయొచ్చు. భిక్షువులకు మధ్యాహ్నం దాటాక మందుగా పుచ్చుకోవచ్చని వారి నియమాల గ్రంథమైన వినయంలో చెప్పిన వాటిలో నెయ్యి, వెన్న, నూనె, తేనెతోపాటు బెల్లపు పాకం కూడా ఉంది. అనకాపల్లి చేతిలో పెట్టుకుని చక్కెర బస్తాలు మోయడం ఎందుకు?

ఇంకొకటి, సరుకు ఎక్కడిది అన్నది. మన రెండు రాష్ట్రాల్లో మందులు లేకుండా పండించే రైతులు తక్కువేం లేరు. ఆంధ్రలో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం ప్రభుత్వ కార్యక్రమంగానే నడుస్తోంది, జహీరాబాద్ వైపు మహిళా సంఘాలు ఎన్నో ఏళ్లుగా చిరుధాన్యాలు పండించి చూపిస్తున్నాయి. మా కేంద్రానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక రైతు దంపతులు జీవామృతం వేసి కూరగాయలు పండిస్తారు, సంత రోజున ఆటోలో వేసుకుని పోతుంటే రోడ్డు మీద ఆపి మాట్లాడా. "వారానికి రెండుసార్లు మీకే దింపి పోతాం బాబాయిగారూ, మాకూ సంతలో బేరాలు తప్పుతాయి" అన్నాడాయన. ధర కిలోకు ఐదారు రూపాయలు ఎక్కువే పడుతోంది. ఆ ఐదారు రూపాయలు ఎవరు పెట్టుకోవాలన్నదే నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం.

విశాఖ దగ్గర తొట్లకొండ చూశారా? భీమిలి రోడ్డు మీద, సముద్రం కనబడే కొండ. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. స్తూపం, విహారాలతోపాటు అక్కడ భోజనశాల కూడా బయటపడింది. ఆ రాళ్ల మధ్య నిలబడి నాకు వచ్చిన ఆలోచన ఒకటే, ఇంత కొండ మీదకు రోజూ తిండి గింజలు ఎవరో ఒకరు మోసుకొచ్చి ఉంటారు కదా అని. భిక్షువు ఏం తింటాడన్నది పెట్టేవాళ్ల చేతిలోనే ఉండేది. ఇప్పుడూ అంతే. పాత్రలో ఏం పడితే అది తినేవాడిది కాదు బాధ్యత, వేసేవాళ్లది.

కాబట్టి కోర్సు పూర్తిచేసి దానం ఇద్దామనుకునే పాత సాధకులకు నా మనవి. డబ్బు ఇస్తే నిక్షేపంగా ఇవ్వండి, అదే మేలు. సరుకే ఇవ్వాలనిపిస్తే ముందు వంటింటికి ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. చక్కెర బస్తా బదులు బెల్లం, రిఫైండ్ డబ్బా బదులు గానుగ నువ్వుల నూనో వేరుశనగ నూనో, స్వీట్ల బదులు నువ్వులూ వేరుశనగపప్పూ, బిస్కెట్ల బదులు జామకాయలో బొప్పాయిలో. పెళ్లిరోజనీ, పిల్లవాడికి ఉద్యోగం వచ్చిందనీ ఒక పూట ప్రత్యేక భోజనం పెట్టించాలనుకునేవాళ్లు పనీర్ కూరా గులాబ్‌జామూ అడక్కండి. ఒక వారం ఆకుకూరల ఖర్చు మీ పేరున రాయించుకోండి. రాగులు ఇచ్చేవాళ్లు మాత్రం దయచేసి పట్టించి ఇవ్వండి. అలాగని ఆరు నెలలకు సరిపడా పట్టించకండి, ఒక్క కోర్సుకు సరిపడా చాలు.

వంటింట్లో సేవకు మనుషులు ఎప్పుడూ తక్కువే, ముఖ్యంగా మగవాళ్లు. మేం వంట రాదని తప్పించుకుంటాం. నాకు రాకపోయినా ఇప్పుడు ఎనభై మందికి ఉండ కట్టకుండా జావ కాస్తున్నా, మా ఆవిడ నమ్మడం లేదు, అది వేరే సంగతి.

వచ్చే బుధవారం కోర్సు మొదలు. నా వంతు ఆరు కిలోలు ఎండబెట్టి సిద్ధంగా ఉన్నాయి, మిల్లు కుర్రాడు మంగళవారం మధ్యాహ్నం మూసేస్తాడు, ఈలోపు వెళ్లాలి. ఉంటాను.

ఇట్లు,
ఒక పాత సాధకుడు
(పేరు అచ్చు వేయవద్దని మనవి)